ఒక్క వృద్ధుడు.. నలుగురు విద్యార్థులు.. ఒకే పాఠం

కలిసి నేర్చుకుంటేనే కలిసి వైద్యం

కొలిమిగుండ్ల: వృద్ధాప్యంలో జబ్బు ఒంటరిగా రాదు. రక్తపోటు వెంట మధుమేహం, దానికి తోడు మోకాళ్ల నొప్పులు, చూపు మందగించడం. వైద్యం అందించేవారు మాత్రం ఎవరికి వారే. వివిధ ఆరోగ్య వృత్తుల విద్యార్థులు ఒకరితో ఒకరు, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే సూచించింది. వృద్ధుల సంరక్షణలో ఈ ఉమ్మడి శిక్షణ అవసరం మరింత ఎక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు ప్రతి పదిమందిలో ఒకరు అరవై ఏళ్లు దాటినవారే.

మొత్తం చూసేదెవరు?

నాపరాయి గనుల్లో పనిచేసి, వయసు మీరి ఇంటిపట్టున ఉంటున్న డెబ్బై ఏళ్ల వ్యక్తిని ఉదాహరణగా తీసుకుంటే విషయం బోధపడుతుంది. రక్తపోటు మాత్రలు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చినవి. మధుమేహం మాత్రలు నంద్యాలలో రాసినవి. నొప్పుల బిళ్లలు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్నవి. నొప్పుల బిళ్లలు ఎక్కువకాలం వాడితే రక్తపోటు పెరగవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. రక్తపోటు పెరిగిందని మాత్ర మోతాదు పెంచితే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. తుంటి ఎముక విరిగితే మంచమే గతి. ఇందులో విడిగా ఎవరి తప్పూ కనిపించదు. అన్నింటినీ కలిపి చూసినవారు లేకపోవడమే అసలు లోపం.

ఇల్లే తరగతి గది

ఉమ్మడి శిక్షణలో నలుగురు విద్యార్థులు ఒకే ఇంటికి వెళతారు. ఫార్మసీ విద్యార్థి ఇంట్లోని మందులన్నీ ఒకచోట పేర్చి, ఏది దేనికో, ఏది రెండుసార్లు పడుతోందో జాబితా రాస్తాడు. నర్సింగ్ విద్యార్థిని పడుకున్నప్పుడు, నిలబడ్డప్పుడు రక్తపోటు చూస్తుంది. పాదాలపై పుండ్లు, తిండి వేళలు గమనిస్తుంది. ఫిజియోథెరపీ విద్యార్థి కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగి వచ్చి కూర్చోమంటాడు. పట్టే సమయాన్ని బట్టి పడిపోయే ముప్పును అంచనా వేస్తాడు. వైద్య విద్యార్థి వీటన్నింటినీ రోగ లక్షణాలతో పోల్చి చూస్తాడు. అనంతరం అధ్యాపకుని సమక్షంలో నలుగురూ కూర్చుని ఒకే ప్రణాళిక రాస్తారు. వృద్ధుడికి ఏం కావాలన్న ప్రశ్నకే అందులో మొదటి స్థానం. గుడి దాకా నడవగలిగితే చాలని ఆయన కోరితే, చికిత్స లక్ష్యమూ అదే.

బాట ఉంది.. కలపాలి

దీనికి కొత్త భవనాలు అక్కరలేదు. వైద్య విద్యార్థులు గ్రామాల్లో కుటుంబాలను దత్తత తీసుకునే విధానాన్ని జాతీయ వైద్య కమిషన్ 2021-22లో తెచ్చింది. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైంది. గ్రామాల్లో ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు ఉన్నారు. ఏ ఇంట్లో ఏ వృద్ధురాలు ఒంటరిగా ఉందో వారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. అయితే కుటుంబ దత్తత నిబంధన వైద్య విద్యార్థులకే పరిమితం. నర్సింగ్, ఫార్మసీ కోర్సుల పాఠ్యక్రమాలు, పరీక్షలు వేరు. మార్కులు లేని పాఠాన్ని విద్యార్థి పట్టించుకోవడమూ అరుదే.

కళాశాలలు నెలకు ఒక్క పూటనైనా ఉమ్మడిగా కేటాయించి, ఆ పనికి మార్కులు ఇస్తే ఆరంభానికి అది చాలు. చదువుకునే రోజుల్లో పక్కవారి మాట వినడం అలవాటైన విద్యార్థే రేపు ఆరోగ్య కేంద్రంలో నర్సు మాటకు, ఆశా మాటకు విలువనిస్తాడు. అప్పుడు అవ్వాతాతల చేతి సంచిలో మందుల చీటీలు ఎన్ని ఉన్నా, వాటిని కలిపి చదివేవారు ఒకరుంటారు.