శ్రీశైల పాదయాత్రలో జలశుద్ధి

జలాన్ని దైవస్వరూపంగా భావించే సంప్రదాయం మనది. సంకల్పం చెప్పుకొనేటప్పుడు విడిచేది నీటినే, స్వామికి అభిషేకించేది నీటినే, చివరకు తీర్థంగా స్వీకరించేదీ నీటినే. అటువంటి జలాన్ని శుద్ధి చేసుకొని త్రాగమంటే కొందరు భక్తులకు అది అవిశ్వాసంగా తోచవచ్చు. ఒకప్పుడు నాకూ అలాగే తోచేది. అది పొరపాటని భీమునికొలను వద్ద తెలిసివచ్చింది.

కొన్నేళ్ళ క్రితం మహాశివరాత్రికి రాంగోపాల్‌పేట్ నుండి పన్నెండు మందిమి శ్రీశైలానికి బయలుదేరాము. ఆత్మకూరు వరకు బస్సులో వెళ్ళి, వెంకటాపురం వద్ద నల్లమల దారి పట్టాము. నాగలూటి వీరభద్రస్వామిని దర్శించుకొని, పెద్దచెరువు వద్ద రాత్రి గడిపి, మరునాడు భీమునికొలను లోయలోకి దిగాము. ఎండకు సొమ్మసిల్లిన మాకు రాళ్ళ మధ్య నీరు అద్దంలా కనిపించింది. బృందానికి పెద్దను నేనే. “తేటగా ఉన్నాయి, త్రాగండి” అన్నాను. మేమందరం బాబాయి అని పిలుచుకొనే పెద్దాయన దోసిలి పట్టి కడుపునిండా త్రాగారు.

శ్రీశైలం చేరిన మరునాడు ఆయనకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. త్రాగిన నీరే కారణమై ఉంటుందని వైద్యుడు అన్నారు. శివరాత్రి నాడు దీపాలన్నీ ఆర్పి ఆలయ విమానానికి పాగా చుట్టే వేళకు బాబాయి ఆస్పత్రి మంచం మీద ఉన్నారు. తరువాత కోలుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. “ఇంత దూరం నడిచానురా, ఆ ఒక్క ఘడియ దక్కలేదు” అని మాత్రం అన్నారు. ఆ మాటే ఈ వ్యాసానికి కారణం.

నిజానికి ఈ పాఠం మా సికింద్రాబాద్ వారికి కొత్త కాకూడదు. మా పేటకు సమీపంలోనే కొలువైన ఉజ్జయినీ మహాకాళి అమ్మవారి ఆలయ చరిత్ర గత్తరతోనే మొదలవుతుంది. 1813లో జంటనగరాల ప్రాంతంలో కలరా ప్రబలినప్పుడు, సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో అమ్మవారికి మ్రొక్కుకొని, 1815లో ఇక్కడ విగ్రహాన్ని ప్రతిష్ఠించారని ఆలయ చరిత్ర చెబుతుంది. ఆ వ్యాధి నీటి ద్వారా వ్యాపిస్తుందని అప్పటికి లోకానికి తెలియదు. 1884లో రాబర్ట్ కాక్ అనే జర్మన్ వైద్యుడు కలకత్తాలో ప్రజలు వాడుకొనే ఒక చెరువు నీటిలోనే కలరా క్రిమిని చూపించారు. ఆనాటి వారికి లేని జ్ఞానం మనకుంది. దానిని వినియోగించుకోకపోవడం భక్తి అనిపించుకోదు.

నీటికి తేటదనం వేరు, శుద్ధి వేరు. మట్టి కంటికి కనిపిస్తుంది, క్రిమి కనిపించదు. ఎగువన జంతువులు దిగినా, మనుషులు మలవిసర్జన చేసినా దిగువ నీరు అద్దంలాగే ఉండవచ్చు. కనుక నీటిని జనం స్నానం చేసే చోటికి ఎగువన, పారే ధార నుండి పట్టుకోవాలి. కాలకృత్యాలకు నీటి ఒడ్డు నుండి కనీసం 60 మీటర్లు దూరంగా వెళ్ళాలి.

మన పెద్దలు బురదనీటిని తేర్చడానికి ఇండుపగింజను కుండలో అరగదీసేవారు, పటికను త్రిప్పేవారు. ఇవి మట్టిని అడుగుకు దింపుతాయి గాని క్రిములన్నిటినీ చంపలేవు. వడకట్టుడు కూడా తొలిమెట్టే. బంగ్లాదేశ్ గ్రామాల్లో పాత చీరను నాలుగు పొరలకు తగ్గకుండా మడిచి వడకట్టగా కలరా దాదాపు సగం తగ్గినట్లు 2003లో వెలువడిన పరిశోధన తెలిపింది. ఉతికి ఉతికి నలిగిన నూలుబట్టలో రంధ్రాలు చిన్నవవుతాయి గనుక పాతబట్టే మేలు. అయితే మిగిలిన సగం మాటేమిటి? అందుకే వడకట్టిన తరువాత క్రిములను చంపాలి.

అన్నిటిలో ఉత్తమం మరిగించడం. నీరు తెర్లిన తరువాత ఒక నిమిషం ఆగి దింపితే చాలు. కాని మాఘమాసం చివరికి నల్లమల ఎండుటాకులతో నిండి ఉంటుంది. పులులు తిరిగే ఆ అభయారణ్యంలో పొయ్యి రాజేయడం అపచారమే గాక ప్రమాదం కూడా. కాబట్టి అన్నదాన శిబిరాల్లో మరిగించిన నీరు దొరికినప్పుడు సీసాలు నింపుకోవాలి. దారిలో క్లోరిన్ బిళ్ళలే శరణ్యం. బిళ్ళ ఎన్ని లీటర్లకు సరిపోతుందో పొట్లం మీద చూసి వేసి, అరగంట ఆగాలి. నీరు మడ్డిగా ఉంటే ముందుగా తేర్చి వడకట్టాలి, లేకుంటే మందు శక్తి ఆ మురికి మీదే ఖర్చవుతుంది. చివరకు స్వల్పంగా వాసన మిగిలితే అది పనిచేసినట్లే. క్లోరిన్‌కు లొంగని క్రిములు కొన్ని ఉన్నాయి. వాటికి మరిగించడమే మందు.

ఇంత చేసినా ఎవరికైనా విరేచనాలైతే, ఆలస్యం చేయక ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని లీటరు శుద్ధజలంలో కలిపి కొద్దికొద్దిగా త్రాగించాలి. అది లేనిచోట లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టుగా కలిపితే సరిపోతుంది. వెంటనే వైద్యుని వద్దకు చేర్చాలి.

దాతలకు ఒక విన్నపం. పాదయాత్రికులకు అన్నం పెట్టేవారు ఎందరో ఉన్నారు, అది మహాపుణ్యం. ఆ అన్నంతో పాటు మూతగల పాత్రలో శుద్ధి చేసిన నీరు, చేయి ముంచకుండా పట్టుకొనేందుకు ఒక కుళాయి, యాత్రికునికి నాలుగు క్లోరిన్ బిళ్ళలు సమకూర్చగలరు. ఖర్చు స్వల్పం, ఫలం అధికం.

ఆ తరువాతి ఏడు బాబాయి మాతో మళ్ళీ నడిచారు. భీమునికొలను వద్ద ముందుగా ఆ నీటిని శిరస్సున చల్లుకొని నమస్కరించారు. పిదప పాత పంచెను మడిచి బిందెకు కట్టి, వడకట్టిన నీటిలో బిళ్ళ వేసి, అరగంట సేపు పంచాక్షరి జపిస్తూ కూర్చున్నారు. ఆ శివరాత్రి పాగా చుట్టేటప్పుడు ఆయన నా ప్రక్కనే ఉన్నారు.