ఫైబరు పడవకు పాలిష్: మిషను కొనే ముందు ఆలోచించండి

చేపల చెరువులున్న రైతులు, మత్స్య సహకార సంఘాల సభ్యులు చాలామంది ఇప్పుడు ఫైబరు పడవలే వాడుతున్నారు. చెక్క పడవలా ఇది పుచ్చిపోదు, చెదలు పట్టదు. అలాగని ఎప్పటికీ ఏమీ కాదనుకుంటే పొరపాటే. ఈసారి మేత చల్లి వచ్చాక పడవ పక్కను అరచేత్తో గట్టిగా రాసి చూడండి. సుద్దలాంటి పొడి చేతికి అంటిందా? ఎండకు పై పూత దెబ్బతింటున్నదన్నమాట.

ఆ పూతనే జెల్‌కోట్ అంటారు. దాని మందం సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. లోపలి ఫైబరుకు నీళ్లు పట్టకుండా కాపాడేది అదే. సికింద్రాబాద్ వెళ్లినప్పుడు హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలు చూసే ఉంటారు. పోటీల్లో వేగం కోసం వాటి అడుగుభాగం నున్నగా ఉంచుకుంటారు. మనకు వేగంతో పనిలేదు. పడవ నాలుగు కాలాలపాటు నిలిస్తే చాలు. కాబట్టి అద్దంలా మెరిసేదాకా రుద్దనక్కర్లేదు. పాలిష్ చేసిన ప్రతిసారీ పూత కొంత అరుగుతుందని మరువకండి.

గ్రైండర్ వద్దే వద్దు

మోటారైనా, పంపుసెట్టు సామానైనా మనవాళ్లు సికింద్రాబాద్ రాణీగంజ్‌కే వెళ్తారు. పాలిషింగ్ మిషన్లూ అక్కడ దొరుకుతాయి. అయితే చవకగా వస్తుందని నాలుగంగుళాల గ్రైండర్ తెచ్చి, దానికే పాలిష్ ప్యాడ్ తగిలిద్దామనుకోకండి. మామూలు గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. ఆ వేడికి జెల్‌కోట్ క్షణాల్లో మాడిపోతుంది. అంత వేగానికి పాలిష్ ప్యాడ్ కూడా ఆగదు, చిరిగి ఎగిరిపడితే మనిషికే ప్రమాదం.

ఎలాంటిది ఎంచుకోవాలి?

- స్పీడు తగ్గించి పెంచుకునే వీలుండాలి. గుండ్రంగా తిరిగే రోటరీ మిషను అయితే నిమిషానికి 600 నుంచి 3,000 చుట్ల మధ్య ఉన్నది చూడండి.
- కొత్తవాళ్లకు డ్యూయల్ యాక్షన్ రకం మేలు. పని నెమ్మదిగా సాగినా, పూత మాడే భయం తక్కువ.
- బరువు చేత్తో పట్టి చూడండి. గంటసేపు మొయ్యాల్సింది మీరే.
- ప్యాడ్లు, కార్బన్లు విడిగా దొరుకుతాయో లేదో, రిపేరు ఎక్కడ చేస్తారో ముందే అడగండి. బిల్లు, గ్యారంటీ కార్డు తప్పక తీసుకోండి.

పని చేసే విధానం

పడవను ఒడ్డుకు లాగి నీడలో బోర్లించండి. నాచు, బురద పోయేలా సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఒక్క ఇసుక రేణువు ప్యాడ్ కింద పడినా పూత మీద గీతలు పడతాయి. పగుళ్లు, బొబ్బలు ఉంటే ముందు వాటిని బాగుచేయించాలి. ఫైబరు పోగులు బయటపడిన చోట పాలిష్ పనికిరాదు, కొత్త పూత వెయ్యాల్సిందే.

రబ్బింగ్ కాంపౌండ్ కొద్దిగా తీసుకుని, ఒకసారికి రెండడుగుల చదరం మేరకే పనిచెయ్యండి. మొదట తక్కువ స్పీడులో మందును పరిచి, రోటరీ అయితే తర్వాత 1,200 నుంచి 1,500 చుట్ల దాకా పెంచండి. ప్యాడ్‌ను చదునుగా ఆనించి, అదిమిపెట్టకుండా నెమ్మదిగా కదుపుతూ ఉండాలి. ఒకేచోట ఆపారా, పూత మాడినట్టే. మధ్యమధ్య చేత్తో తాకి చూడండి, వేడెక్కితే ఆపెయ్యండి. అంచులు, మూలల్లో పూత త్వరగా అరుగుతుంది కనుక అక్కడ చేత్తోనే రుద్దాలి.

కాంపౌండ్‌కు ఉన్ని ప్యాడ్, చివరి నునుపుకు ఫోమ్ ప్యాడ్ వాడండి. ఒక మందు అంటిన ప్యాడ్‌తో ఇంకో మందు రాయకండి. ఆఖరున పడవలకు వాడే మైనం, అదే వ్యాక్స్, పల్చగా పూసి మెత్తని గుడ్డతో తుడవండి. ఎండను కొంతకాలం ఆపేది ఈ మైనమే. పాలిష్ చేసి మైనం పూయకపోతే పడిన శ్రమంతా వృథా.

కరెంటుతో జాగ్రత్త

చెరువుగట్టు మీద తడి నేల, చేతిలో కరెంటు మిషను. ఇంతకంటే ప్రమాదం ఏముంటుంది? పడవ నీళ్లలో ఉండగా మిషను పెట్టనే వద్దు. అతుకుల వైరు వాడకండి. కరెంటు లీకైతే వెంటనే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉన్న బోర్డు నుంచే లైను తీసుకోండి. వైరును భుజం మీదుగా వెనక్కి వేసుకుంటే ప్యాడ్‌కు చుట్టుకోదు. కంటికి అద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. వదులు చొక్కా, మెడలో తువ్వాలు ఉండకూడదు. తుడిచిన గుడ్డలు, కాంపౌండ్ మురికి చెరువులో కలవనివ్వకండి. అందులో ఉన్నవి మీ చేపలే.

కొనాలా, వద్దా?

ఒక్క చిన్న పడవ ఉన్న రైతు మిషను కొననక్కర్లేదు. మరీ పాతబడని పడవకు గుడ్డతో కాంపౌండ్ రుద్ది, మైనం పూస్తే సరిపోతుంది. రెండు పూటల పని, అంతే. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? నాలుగైదు పడవలున్న సంఘమైతే అందరూ కలిసి ఒక మిషను కొనుక్కోవచ్చు. అప్పుడూ ఒకరిద్దరికే పని నేర్పి, మిషను వారి చేతికే ఇవ్వండి. పని లేనప్పుడు పడవను చెట్టునీడన బోర్లించడం మాత్రం మానకండి. దానికి రూపాయి ఖర్చు లేదు, పాలిష్ అవసరమూ చాలావరకు తగ్గుతుంది.