బస్సు తీసుకెళ్లేది సరిహద్దు దాకానే... దాటించేది కాగితమే!

పీలేరు: ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో కువైట్ అంటే పరాయి దేశంలా ఎవరూ చూడరు. పీలేరు, కలికిరి, వాయల్పాడు, మదనపల్లె ప్రాంతాల్లో కువైట్ పోయివచ్చినవారు లేని ఊరు అరుదు. వానలు మొహం చాటేసి, బోర్లు ఎండి, వేరుశనగ పంట చేతికి రాక అప్పులపాలైన కుటుంబాలు పొట్ట చేతబట్టుకుని ఆ దారి పట్టాయి. ఇంటిపనికి ఆడవాళ్లు, డ్రైవరు పనికి మగవాళ్లు వెళ్లారు. విమానంలో పోయేవారికి నడుమ ఉన్న దేశాలు కంటపడవు. దేశానికీ దేశానికీ మధ్య గీత ఎలా ఉంటుందో, దాన్ని దాటడానికి ఏం కావాలో 1990లో బస్సుల్లో బయటపడినవారికి బాగా తెలుసు.

తెల్లారేసరికి ప్రభుత్వమే లేదు

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి చొరబడ్డాయి. అప్పటికి అక్కడ సుమారు లక్షా డెబ్భై వేలమంది భారతీయులున్నారు. విమానాశ్రయం మూతపడింది. ఎండాకాలం కావడంతో చాలామంది కువైట్ యజమానులు అప్పటికే కుటుంబాలతో విదేశాలకు వెళ్లి ఉన్నారు. ఉన్నవారిలోనూ ఎందరో సౌదీకి పారిపోయారు. పెద్ద పెద్ద ఇళ్లలో పనివాళ్లు మాత్రమే మిగిలారు.

కువైట్ దినారును ఇరాక్ మొదట తన దినారుతో సమానం చేసింది. తర్వాత అసలే చెల్లకుండా చేసింది. కూడబెట్టుకున్న నోట్లు చేతిలోనే చిత్తుకాగితాలయ్యాయి. ఆగస్టు నెలాఖరుకు కువైట్‌ను తన 19వ రాష్ట్రంగా ఇరాక్ ప్రకటించుకుంది. అంటే వీసా ఇచ్చి రానిచ్చిన ప్రభుత్వమే ఆ నేలమీద లేకుండా పోయింది. అప్పటి మన విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్‌ను కలిశారు. భారతీయులు బయటపడేందుకు మిగిలింది రోడ్డు మార్గం ఒక్కటే.

మూడు దేశాల బాట

కువైట్ నుంచి ఇరాక్‌లోని బస్రా, అక్కడినుంచి బాగ్దాద్, ఆపైన ఎడారిలో పడమరగా జోర్డాన్ సరిహద్దు, చివరికి అమ్మాన్ నగరం. మొత్తం సుమారు పదిహేను వందల కిలోమీటర్లు. తిరుపతిలో బస్సెక్కి హైదరాబాదు, నాగపూరు దాటి భోపాల్ దాకా పోయినంత దూరం. భారతీయ సంఘాల పెద్దలు, రాయబార కార్యాలయ సిబ్బంది కలిసి బస్సులు ఏర్పాటు చేశారు. కార్లున్నవారు కార్లలోనే బయలుదేరారు. ఆగస్టు ఎండలో, ఎడారి గాలిలో పసిపిల్లలతో ఆ ప్రయాణం ఎలా సాగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

జోర్డాన్ సరిహద్దు చేరాక అసలు కష్టం మొదలైంది. భారతీయులే కాదు, ఈజిప్టు, బంగ్లాదేశ్, శ్రీలంక, ఫిలిప్పీన్స్ దేశాల కూలీలంతా లక్షల సంఖ్యలో అక్కడికే చేరారు. చిన్న దేశమైన జోర్డాన్ అంతమందిని తట్టుకోలేక ఒక దశలో కొద్దిరోజులు సరిహద్దు మూసేసింది. వచ్చినవారు ఇరాక్ ఠాణాకూ జోర్డాన్ ఠాణాకూ నడుమ, ఎవరికీ చెందని నేలమీద గుడారాల్లో పడిగాపులు కాశారు. నీళ్లకు, రొట్టెకు వరుసలు కట్టారు. పేరు పిలిచి, కాగితం చూసి, ముద్ర వేశాకే ముందుకు కదలనిచ్చేవారు.

అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు బొంబాయికి చేర్చాయి. సుమారు రెండు నెలల్లో 488 విమానాలు నడిచాయి. లక్షమందికి పైగా స్వదేశం చేరారు. పౌర విమానాల ద్వారా ఇంత పెద్ద తరలింపు మరొకటి లేదని గిన్నిస్ పుస్తకంలో నమోదైంది. 2016లో వచ్చిన హిందీ చిత్రం ‘ఎయిర్‌లిఫ్ట్’ ఈ కథనే చూపింది. సినిమాలో అంతా ఒక్క కథానాయకుడే నడిపించాడు. నిజానికి ఢిల్లీలో విదేశాంగ శాఖ గల్ఫ్ విభాగం అధిపతి కె.పి. ఫేబియన్ మొదలు అమ్మాన్‌లో ప్రయాణికుల జాబితాలు రాసిన చిన్న ఉద్యోగుల దాకా ఎందరో పాటుపడ్డారు. బొంబాయి చేరినవారు మద్రాసు వైపు రైలెక్కితే కడప, రాజంపేట, రేణిగుంట స్టేషన్లలో దిగవచ్చు. పీలేరు, కలికిరి వారికి పాకాల నుంచి మీటర్ గేజి బండి ఉండేది.

పాస్‌పోర్టు ఎవరి బీరువాలో?

ఆ దారిలో పాస్‌పోర్టు లేనివారి పాట్లు వర్ణనాతీతం. వారు దాన్ని ఎక్కడో పోగొట్టుకోలేదు. అది యజమాని బీరువాలో ఉంది. కువైట్ వీసా ఒక యజమానికి కట్టుబడి ఉంటుంది. అతడినే కఫీలు అంటారు. ఇంటిపనికి ఇచ్చేది 20వ నంబరు వీసా, కంపెనీ పనికి ఇచ్చేది 18వ నంబరు. పనిమనిషి దిగగానే పాస్‌పోర్టు తీసి దాచేయడం అక్కడి యజమానులకు అలవాటైపోయింది. యజమాని విదేశంలో, బీరువా తాళం అతని దగ్గర, యుద్ధం వీధిలో! ఇలాంటివారికి మన రాయబార కార్యాలయం తాత్కాలిక ప్రయాణపత్రాలు రాసి ఇచ్చింది. అవి చేతికందేదాకా బస్సు ముందే ఉన్నా ఎక్కి ప్రయోజనం లేదు.

ముద్రే సాక్ష్యమైంది

1991 ఫిబ్రవరిలో కువైట్ విముక్తి పొందింది. యుద్ధంలో నష్టపోయినవారికి ఇరాక్ చమురు ఆదాయం నుంచి పరిహారం ఇప్పించేందుకు ఐక్యరాజ్యసమితి అదే ఏడాది జెనీవాలో ఒక కమిషన్ ఏర్పాటు చేసింది. 1990 ఆగస్టు 2 నుంచి 1991 మార్చి 2 లోగా కువైట్ లేదా ఇరాక్ విడిచిపోవలసి వచ్చినవారికి మనిషికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 డాలర్లు నిర్ణయించారు. మరే ఇతర నష్టమూ కోరనివారికి ఇవి 4,000, 8,000 డాలర్లు. మనదేశంలో విదేశాంగ శాఖలోని ప్రత్యేక కువైట్ విభాగం దరఖాస్తులు చూసింది.

దరఖాస్తుదారు చూపవలసింది పెద్దగా ఏమీ లేదు. ఎప్పుడు బయటపడ్డారో తెలిపే ఆధారం చాలు. సరిహద్దులో గుమాస్తా కొట్టిన చిన్న ముద్ర ఏళ్ల తర్వాత డబ్బు తెచ్చిపెట్టింది. పాత పాస్‌పోర్టును ట్రంకుపెట్టెలో జాగ్రత్త చేసినవారు గట్టెక్కారు. ఆ కమిషన్ మొత్తం 5,240 కోట్ల డాలర్లు చెల్లించి 2022 జనవరిలో లెక్క ముగించింది.

వలస వీసా వేరు, పని వీసా వేరు

వీసాలన్నీ ఒకటేనని పల్లెల్లో చాలామంది అనుకుంటారు. అమెరికా ఇచ్చే వలస వీసా సంగతి వేరు. ముంబయి కాన్సులేటులో అది పొందినవారు సాధారణంగా ఆరు నెలల్లోగా ఆ దేశంలో అడుగుపెట్టాలి. విమానంలోనే దిగాలన్న నియమం లేదు. కెనడాలోని టొరంటోలో బస్సెక్కి ఫోర్ట్ ఎరీ వద్ద పీస్ బ్రిడ్జి వంతెన దాటి అమెరికాలోని బఫలో ఊరికి పోయినా చెల్లుతుంది. అయితే ఆ దారిన పోవాలంటే భారతీయులు ముందు కెనడా వీసా కూడా తీసుకుని ఉండాలి. వంతెన దాటాక అందరూ సామానుతో బస్సు దిగి అధికారి ముందు నిలబడాలి. అధికారి అనుమతించి ముద్ర వేసిన క్షణం నుంచి ఆ మనిషి అక్కడి శాశ్వత నివాసి. కార్డు వచ్చేదాకా ఆ ముద్ర ఉన్న వీసాయే ఏడాదిపాటు ఆధారం.

కువైట్‌లో ఆ ముచ్చట లేదు. నలభై ఏళ్లు చాకిరీ చేసినా పనివాడు పనివాడే. అకామా గడువు తీరితే నేరస్తుడే. 2018లోనూ, 2024లోనూ కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు గడువు మీరిన మనవాళ్లు ఎందరో జరిమానా లేకుండా ఇళ్లకు చేరుకోగలిగారు.

ఇప్పుడూ అదే జాగ్రత్త

నేడు కూడా కువైట్ నుంచి సరిహద్దు దాటే బస్సులున్నాయి. ఉమ్రాకు మక్కా వెళ్లే ముస్లిం సోదరులు నువైసీబ్ ఠాణా దాటి సౌదీలోని ఖఫ్జీ మీదుగా పోతారు. కువైట్ అకామా ఉన్నంత మాత్రాన సౌదీలోకి రానివ్వరు. సౌదీ వీసా వేరే కావాలి. తిరిగి రావడానికి అకామా బతికి ఉండాలి. కువైట్ ఇంటిపని వీసాపై వచ్చినవారిని యజమానులు సరిహద్దు దాటించి సౌదీ ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాయిస్తున్న ఉదంతాలూ ఉన్నాయి. అలా చిక్కుకున్నవారిది రెంటికీ చెడ్డ బతుకు. ఒక దేశంలో వీసా ఉన్నా మనిషి లేడు, మరో దేశంలో మనిషి ఉన్నా ఆ పనికి తగిన వీసా లేదు.

భారత పాస్‌పోర్టు చట్టం ప్రకారం పాస్‌పోర్టు మన కేంద్ర ప్రభుత్వ ఆస్తి. 2015లో వచ్చిన కువైట్ ఇంటిపనివారి చట్టం కూడా యజమాని దాన్ని దగ్గర పెట్టుకోరాదని చెబుతోంది. ఈ సంగతి తెలియక అడగనివారే ఎక్కువ. ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే మహిళకు ముప్పై ఏళ్లు నిండాలి. ప్రభుత్వ నియామక సంస్థ ద్వారానే, ఈ-మైగ్రేట్‌లో నమోదై వెళ్లాలి. ఏజెంటు తీసుకోదగిన రుసుం 30 వేల రూపాయలు, దానిపై పన్ను మాత్రమే. రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రవాసీ భారతీయ బీమా కింద పది లక్షల రక్షణ ఉంటుంది. విజిట్ వీసాపై పంపి, అక్కడికి పోయాక మార్పిస్తామనే ఏజెంటు మాట నమ్మితే ఈ రక్షణ ఏదీ ఉండదు.

విమానమెక్కే ముందు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందపత్రం నకళ్లు రెండు తీసి ఒకటి ఇంట్లో, ఒకటి నమ్మకమైన బంధువు దగ్గర ఉంచాలి. కఫీలు పేరు, చిరునామా, ఫోను నంబరు రాసిపెట్టాలి. పాస్‌పోర్టు సేవా కేంద్రం తిరుపతిలోనే ఉంది గనుక ఆ కాగితం కోసం దళారుల చుట్టూ తిరగనక్కరలేదు. ఇవే విషయాలను గ్రామ సచివాలయాల్లో, మహిళా సంఘాల సమావేశాల్లో అధికారులు విడమరచి చెబితే పడమటి పల్లెలకు ఎంతో మేలు జరుగుతుంది.