తప్పిన మెమోలో మిగిలిన మార్కులు

దళితుల చదువు గురించి మనం చేసే చర్చ ఎక్కువగా విశ్వవిద్యాలయాల చుట్టూ, ఉద్యోగాల్లో రిజర్వేషన్ల చుట్టూ తిరుగుతుంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణపై తీర్పు ఇచ్చాక వాటాల లెక్కలు మరింత పట్టుదలగా మాట్లాడుకున్నాం. మాట్లాడుకోవలసిందే. అయితే ఆ వాటాల దగ్గరికి పోయే దారిలో ఒక గీత ఉంది. 'పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్' అన్న పేరులోనే ఆ గీత కనపడుతుంది: మెట్రిక్ దాటినవాళ్లకు అని. దానికి ఇవతల ఆగిపోయిన మాల, మాదిగ పిల్లల గురించి మన పత్రికల్లో వచ్చింది తక్కువ. కారణం తేలికే. పాసైనవాళ్లం వ్యాసాలు రాస్తాం, తప్పినవాళ్లు కూలికి పోతారు.

పదో తరగతి పాసు కావడానికి అసలు ఏం కావాలి, తప్పితే చేతిలో ఏం మిగులుతుంది, మిగిలినదాన్ని ఏ దారిన పూర్తి చేసుకోవచ్చు, ఏ దారి ఎక్కడిదాకా తీసుకుపోతుంది - ఇవి వివరించడమే ఈ వ్యాసం పని. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాన్ని కళ్లముందు పెట్టుకొని రాస్తున్నాను. పాత కృష్ణా జిల్లాలో ఇది మెట్ట. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. పత్తి, మిర్చి పండే నేలలు, మధ్య మధ్య సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. కృష్ణ ఒడ్డున వేదాద్రి ఉంది. వేదాలే ఇక్కడ కొండగా నిలిచాయని స్థలపురాణం. వేదం చెవిన పడటానికే వీల్లేదన్న కులాల పిల్లలకు ఆ కొండ కింద ఇవాళ కావలసింది ఒక మార్కుల మెమో.

ఆ కాగితం విలువ పల్లెలో అందరికీ తెలుసు, కానీ పూర్తిగా తెలియదు. పుట్టినతేదీకి సర్కారు ముందుగా అడిగే రుజువు అదే. ఆసుపత్రి మొహం చూడకుండా పుట్టిన తరాలకు బడిలో పంతులు వేసిన జూన్ నెల తేదీయే జన్మదినం అయింది, పదో తరగతి సర్టిఫికెట్టులోకి ఎక్కి స్థిరపడింది. ఒంటి మీది రెండు పుట్టుమచ్చలు కూడా అందులోకి ఎక్కుతాయి. పాస్‌పోర్టు తీసుకుంటే, టెన్త్ పాసైనవాడికి గల్ఫ్ వంటి దేశాలకు పనికి పోయేటప్పుడు వలస అనుమతి తనిఖీ ఉండదు, తప్పినవాడికి ఉంటుంది. పల్లెటూరి పోస్టాఫీసులో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి ప్రత్యేకంగా పరీక్ష లేదు, టెన్త్ మార్కులే చూస్తారు. పైగా లెక్కలు, ఇంగ్లీషు పాసై ఉండాలంటారు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇంత బరువున్న కాగితాన్ని చట్టం మాత్రం సగం దూరంలోనే వదిలేసింది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల దాకా, ఎనిమిదో తరగతి దాకా ఉచిత నిర్బంధ విద్య అన్నది. తొమ్మిది, పది తరగతులు ఆ హామీకి బయట ఉన్నాయి. అంటే పిల్లవాణ్ణి బడిలో ఉంచే పూచీ రాజ్యానిది కాకుండా పోయిన రెండేళ్లలోనే వాడి జీవితాన్ని తేల్చే పరీక్ష ఉంది. తొమ్మిది, పది చదివే షెడ్యూల్డు కులాల పిల్లలకు కేంద్రం ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది 2012లో. మెట్రిక్ తరువాతి స్కాలర్‌షిప్ 1944 నాటిది. ఈ రెండు సంవత్సరాల మధ్య దూరం చూస్తే గీతకు ఏ పక్క ఉన్నవాళ్ల గురించి ఆలోచన జరిగిందో అర్థమవుతుంది.

ఇక నిబంధన. ఆంధ్రప్రదేశ్ సెకండరీ విద్యామండలి పరీక్షలో ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ - ఒక్కొక్క దానిలో 35 రావాలి. హిందీలో 20 వస్తే చాలు.

ఈ 20 దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఇంట్లో వినపడని భాష గనుక హిందీకి గీత కిందికి దించారు. న్యాయమే. మరి ఇంగ్లీషు ఎవరి ఇంట్లో వినపడుతుంది? తల్లీతండ్రీ వేలిముద్ర వేసే ఇంట్లో లెక్కల హోంవర్కు ఎవరు చెబుతారు? ఆ ఇళ్లకోసం ఏ గీతా దిగలేదు. 35 అన్నది తెలివికి ప్రకృతి పెట్టిన హద్దేమీ కాదు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో అదే స్థాయి పరీక్షకు 33 చాలు. కరోనా వల్ల 2020లోనూ 2021లోనూ పరీక్షలే రద్దయి అందరూ పాసయ్యారు. గీత ఎక్కడ గీయాలన్నది రాజ్యం తీసుకునే నిర్ణయం, అవసరం వస్తే చెరుపుకునే నిర్ణయం కూడా.

చెరిపిన గీత తిరిగి గీసినప్పుడు ఏమైందో 2022 చెప్పింది. 6,15,908 మంది రాస్తే 4,14,281 మంది పాసయ్యారు, 67.26 శాతం. రెండు లక్షలపైన తప్పారు. వాళ్లు తొమ్మిదో తరగతిలో నెలల తరబడి బడి చూడనివాళ్లు. ఫోన్ ఉన్న ఇంట్లో పాఠం నడిచింది, లేని ఇంట్లో పిల్లలు చేలో ఉన్నారు. ఆ ఏడు జులైలో సప్లిమెంటరీ పెట్టి, అందులో పాసైనవాళ్లనూ రెగ్యులర్‌గానే లెక్కవేశారు. 2023లో పాసు 72.26 శాతం, 2024లో 86.69, 2025లో 81.14. శాతాలు పెరిగాయి, సంతోషమే. కానీ ఈ శాతాలకు కింద ఉండే భాగం - పరీక్ష హాలుకే రానివాళ్లు - ఏ ఫలితాల ప్రకటనలోనూ ఉండరు.

రాకపోవడానికి మెట్ట ప్రాంతంలో కారణం వెతకనక్కర్లేదు, వ్యవసాయ క్యాలెండరు చూస్తే చాలు. పరీక్ష ఫీజు కట్టే నోటిఫికేషన్ నవంబరు ప్రాంతంలో వస్తుంది. అది పత్తి తీతల కాలం. జనవరి దాటితే మిర్చి కోతలు, మార్చి, ఏప్రిల్ దాకా నడుస్తాయి. పరీక్షలు మార్చి, ఏప్రిల్. కోతల్లో కుటుంబమంతా చేలో దిగితేనే నాలుగు డబ్బులు కళ్ల చూసేది. పదిహేనేళ్ల ఆడపిల్ల చేతివేగం పెద్దవాళ్లకు తీసిపోదు. ఇంటి దగ్గర ఉండి చదువుకోమనడం ఆ ఇంటికి నిజంగా నష్టమే. ఇది తల్లిదండ్రుల అజ్ఞానం అనేవాళ్లు ఒక సీజను కూలి లెక్క వేసి చూడాలి.

ఫీజు సంగతీ చెప్పాలి. రెగ్యులర్ విద్యార్థికి 125 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకు మినహాయింపు ఉంది. అయితే తల్లిదండ్రుల ఏడాది ఆదాయం పల్లెల్లో 20,000, పట్నాల్లో 24,000 దాటకూడదు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధిహామీ రోజుకూలి 300 రూపాయలు. వంద రోజులు పూర్తిగా చేసిన ఇంటికి 30,000. అంటే సర్కారు ఇచ్చిన పని సర్కారు ఇచ్చిన రేటుకు పూర్తిగా చేస్తే సర్కారు లెక్కలో ఆ ఇల్లు పేదది కాదు. 125 రూపాయలు పెద్ద మొత్తం కాదనొచ్చు. నిజమే. దాన్ని మాఫీ చేయించుకోవడానికి తిరగవలసిన ఆదాయ సర్టిఫికెట్టు ఖర్చే ఎక్కువ.

సరే, తప్పారు. ఇప్పుడేమిటి?

మొదట తెలుసుకోవలసింది - పల్లెలో 'టెన్త్ పోయింది' అంటారు గానీ మొత్తం టెన్త్ పోదు. పోయింది పోయిన పేపర్లే. పాసైన సబ్జెక్టుల మార్కులు అట్లాగే ఉంటాయి. తప్పిన సబ్జెక్టులకే ఫీజు కట్టి వేసవి సప్లిమెంటరీలో రాయొచ్చు. అప్పుడు కుదరకపోతే మళ్లీ వచ్చే మార్చిలో. 'మార్చి పోతే సెప్టెంబరు' అని మన పెద్దలు అన్నది దీనికి పాత రూపమే. సప్లిమెంటరీకి ఫీజు గడువు ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే ముగుస్తుంది. తప్పిన అవమానంతో పిల్లవాడు ఇంట్లోంచి బయటికి రాని రోజులు కూడా అవే. 2023-24లో ప్రభుత్వం ఇంకో వెసులుబాటు కల్పించింది: తప్పినవాళ్లు మళ్లీ పదో తరగతిలో చేరి బడిలో కూర్చొని చదవొచ్చని. నా దృష్టిలో ఇటీవలి నిర్ణయాల్లో ఇది చాలా మేలైనది. ఎందుకంటే మిగతా దారులన్నీ ఒంటరిగా చదువుకోమంటాయి. చదువు చెప్పేవాళ్లు లేకనే తప్పిన పిల్లకు ఒంటరి చదువు మందు కాదు.

రెండో దారి సార్వత్రిక పాఠశాల. జాతీయ స్థాయిలో నేషనల్ ఓపెన్ స్కూల్ 1989లో ఏర్పడింది, 2002లో పేరు మార్చుకుంది. మన రాష్ట్రంలో ఓపెన్ స్కూల్ సొసైటీ 1991 నాటిది, పదో తరగతి కోర్సు 2008-09లో మొదలైంది. పద్నాలుగేళ్లు నిండినవాళ్లెవరైనా చేరొచ్చు, పైన వయోపరిమితి లేదు. ఆరు సబ్జెక్టులు కాదు, ఐదు. ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్షకు అవకాశం. ఒక విడతలో రెండు, మరో విడతలో మూడు రాసుకోవచ్చు. మిర్చి కోతల ఇంటికి సరిపోయే పద్ధతి ఇదే. పెళ్లయి పిల్లలున్న స్త్రీలు ఈ దారిన టెన్త్ పూర్తి చేయడం మన వాడల్లో కొత్త కాదు.

దీనిలోనే మార్కుల బదలాయింపు ఉంది. రెగ్యులర్ టెన్త్‌లో తప్పినవాళ్లు అక్కడ పాసైన సబ్జెక్టుల్లో రెండింటిని ఓపెన్ స్కూల్‌కు మార్చుకోవచ్చు. ఇక రాయవలసింది మూడే. ఎనిమిదో తరగతితో ఐటీఐలో రెండేళ్ల ట్రేడు చేసినవాళ్లకూ జాతీయ సంస్థ ఇట్లాంటి వీలు ఇస్తుంది: ట్రేడుకు కొంత లెక్కగట్టి, భాషతో సహా కొద్ది పేపర్లు రాస్తే పదో తరగతి వస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కాంట్రాక్టు పనికోసం నిలబడే మన కుర్రాళ్లకు ఇది చెప్పినవాళ్లు లేరు.

ఇక్కడే జాగ్రత్త కూడా కావాలి. ఓపెన్ స్కూల్‌లో సబ్జెక్టులు ఎంచుకోవచ్చు. లెక్కలు వదిలి మనస్తత్వశాస్త్రమో, గృహవిజ్ఞానమో, భారతీయ సంస్కృతీ వారసత్వమో తీసుకోవచ్చు. చేర్పించే దళారి ముందుగా చెప్పేది ఇదే: 'లెక్కలు లేకుండా అయిపోతుంది'. అయిపోతుంది, నిజమే. ఆ తరువాత పాలిటెక్నిక్ లేదు, డాక్ సేవక్ లేదు. సర్టిఫికెట్టు మీద పాసు అని ఉంటుంది, మూసుకున్న తలుపులు దాని మీద రాసి ఉండవు. నూజివీడు ట్రిపుల్ ఐటీ వంటి చోట మొదటి ప్రయత్నంలోనే పాసైన వాళ్లను తీసుకుంటారు గనుక ఆ తలుపు సప్లిమెంటరీతోనే మూసుకుంది. అందరికీ ఒకే పాసు, కానీ పాసుల్లోనూ మెట్లున్నాయి. మనకు మెట్ల వ్యవస్థ కొత్తేమీ కాదు.

దళారుల 'పాస్ గ్యారంటీ' వ్యాపారం మరో దెబ్బ. చూచిరాతల వార్తలు వచ్చినప్పుడల్లా ఓపెన్ సర్టిఫికెట్టు మీద అనుమానం పెరుగుతుంది. ఆ అనుమానం డబ్బిచ్చి కొన్నవాడి కంటే రాత్రిళ్లు కూర్చొని చదివిన కూలి మనిషికే ఎక్కువ తగులుతుంది. చేర్చుకునే అధ్యయన కేంద్రాలు చాలావరకు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోనే ఉన్నాయి. నేరుగా అక్కడి సమన్వయకర్తను అడిగితే దళారి అవసరం లేదు. ఎస్సీలకు, స్త్రీలకు ఫీజులో రాయితీ కూడా ఉంది.

అమెరికాలో హైస్కూలు పూర్తికావడమంటే ఒక్క పరీక్ష దాటడం కాదు, కోర్సు కోర్సుకూ క్రెడిట్లు కూడబెట్టడం. 1906 నాటి కార్నెగీ యూనిట్ దానికి మూలం: సుమారు 120 గంటల పాఠం ఒక యూనిట్. మన దేశంలో 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం కూడా ఏడాదికి 1,200 గంటలు, 40 క్రెడిట్లు అంటున్నది, పని అనుభవానికీ క్రెడిట్ ఇవ్వొచ్చంటున్నది. మాట బాగుంది. ఎకరానికి ఎన్ని ట్యాంకుల మందు, ట్యాంకుకు ఎన్ని మిల్లీలీటర్లు, కిలోకు ఇంత చొప్పున ఎన్ని కిలోలు కోస్తే ఎంత కూలి - ఈ అనుపాతం లెక్కలన్నీ నోటితో చేసే పిల్ల లెక్కల పేపర్లో తప్పుతున్నది. ఆ తెలివికి క్రెడిట్ రాసేవాళ్లు ఎవరో ఆ చట్రంలో ఇంకా తేలలేదు. గంటలు లెక్కబెట్టే పద్ధతిలో ఇంకో మెలిక ఉంది: గంటలు దొరకనివాళ్లే మనవాళ్లు.

అంబేడ్కర్ 1907లో మెట్రిక్ పాసైనప్పుడు బొంబాయిలో సభ పెట్టి సన్మానించారు, కేలుస్కర్ తాను రాసిన బుద్ధుడి జీవితచరిత్ర బహుమతిగా ఇచ్చారు. పాసైనవాళ్లకు సన్మానం ఇప్పటికీ మన సంఘాలు చేస్తున్నాయి, జూన్‌లో శాలువాలు కప్పుతున్నాయి. తప్పినవాళ్ల జాబితా పట్టుకొని ఫలితాలు వచ్చిన వారంలోనే ఇంటింటికి పోయే పని మాత్రం సంఘాల ఎజెండాలోకి ఇంకా ఎక్కలేదు.

ఆ పని మొదలుపెట్టేవాళ్లు మొదట అడగవలసింది తప్పిన మార్కుల మెమో. చాలా ఇళ్లల్లో అది ఉండదు. సిగ్గుతో చింపేస్తారు, లేదా తీసుకోకుండా బడిలోనే వదిలేస్తారు. కానీ బదలాయింపుకు దరఖాస్తు చేసేటప్పుడు ఏ రెండు సబ్జెక్టులు పాసయ్యాడో చూపించేది ఆ కాగితమే. అసలు కాపీ భద్రంగా ఉంచుకోవాలి. పోతే హాల్‌టికెట్టు నంబరు, రాసిన సంవత్సరం పట్టుకొని చదివిన బడి ప్రధానోపాధ్యాయుడి ద్వారా నకలుకు దరఖాస్తు చేసుకోవాలి. బదలాయింపు గడువు, ఫీజు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. లెక్కలు, ఇంగ్లీషు పాసై ఉంటే బదలాయించుకునే రెండూ అవే కావాలి.