యవలు పండిన కాలము

చలనచిత్రశాలలలో మనము సాధారణముగా చూచునవి యుద్ధములు, వంచనలు, ప్రతీకారములు. ఇట్టివేవియు లేక, ఒక యింటివారు భుజించుటయు, మాటలాడుటయు, పిల్లలను మందలించుటయు మాత్రమే చూపి హృదయమును కరగింప సాధ్యమా? సాధ్యమేయని జపాను దర్శకుడు యసుజిరో ఓజు 1951వ సంవత్సరమున నిరూపించెను. ఆ చిత్రము పేరు "బకుషూ". యవలు పండు కాలమని దాని యర్థము. ఆ దేశమున యవలు వేసవి తొలిదినములలో పండును.

టోక్యో నగర సమీపమున కామకురా యను పట్టణము కలదు. అచట మామియా వారి యింట వృద్ధదంపతులు, వైద్యుడగు కుమారుడు, కోడలు, ఇరువురు మనుమలు, 28 ఏండ్లు వచ్చియు అవివాహితయై యుద్యోగము చేయుచున్న కుమార్తె నోరికో, వెరసి 7గురు నివసింతురు. మరియొక కుమారుడు యుద్ధమునకు వెళ్లి తిరిగి రాలేదు. తల్లి యింకను ఎదురుచూచుచుండును. తండ్రి యాశ విడిచెను.

నోరికోకు పెండ్లి చేయవలెననుటయే కథ. ఆమె పై యధికారి యొక సంపన్నుని సంబంధము తెచ్చును. వరునికి వయస్సు మీరినదని తల్లి నొచ్చుకొనినను, అన్నకు అది యుక్తమని తోచును. ఇంతలో పొరుగింటి యాబే, భార్యను కోల్పోయి చిన్నబిడ్డతో నున్నవాడు, దూరమగు అకితాకు ఉద్యోగార్థమై బయలుదేరుచుండును. అతని తల్లి తన మనస్సులోని కోరికను సంకోచముతో తెలుపగా, నోరికో తత్క్షణమే సమ్మతించును. ఇంటివారు నిర్ఘాంతపోవుదురు.

ఈ కథలో దుర్మార్గుడెవడును లేడు. అందరును అందరి క్షేమమునే కోరుదురు. అయినను ఆ యిల్లు విడిపోక తప్పదు. కుమార్తె తన దారిని ఎన్నుకొనుట ధర్మమే. ఆమె పోవుటచే పెద్దల మనస్సు శూన్యమగుటయు నిజమే. ఈ రెండు సత్యములను ఒక్క త్రాసునందుంచి, ఏ పక్షమునకును మొగ్గక చూపుట ఓజు నేర్పు.

అతని పద్ధతి గమనింపదగినది. కెమెరా తరచుగా చాపపై కూర్చున్నవాని కంటి యెత్తున నుండును. కావున చూచువాడు అతిథివలె ఆ యింటిలోనే కూర్చుండును. వివాహమును చూపనే చూపడు. అయితే ఆటరైలు పట్టాలు వచ్చినవని భ్రమించిన బాలుడు, పొట్లములో రొట్టె యుండగా కోపించి దానిని తన్నుటయు, తండ్రి దండించుటయు, అన్నదమ్ములిరువురు ఇల్లు విడిచి పోవుటయు విస్తరించి చూపును. యింటి జీవనము ఇట్టి చిన్న సంగతులతోనే నిండియున్నది గదా!

యుద్ధములో తప్పిపోయిన కుమారుడు చైనానుండి మిత్రుడగు యాబేకు వ్రాసిన యుత్తరములో ఒక యవల వెన్ను నుంచెను. చిత్రాంతమున వృద్ధదంపతులు యమాతో సీమలోని బంధువునింట కూర్చుండి, పండిన యవల పొలములగుండ పోవుచున్న యొక పెండ్లికూతురి యూరేగింపును చూతురు. ఆ పంటను చూచునప్పుడు మనకు రాని కుమారుడును, వెళ్లిన కుమార్తెయు జ్ఞప్తికి వచ్చెదరు.

విడిపోవుటకు ముందు ఆ కుటుంబమంతయు కలిసి యొక ఛాయాచిత్రము తీయించుకొనును. విద్యార్థులారా, మీ యింటి పెద్దలు నేడు మీతో కూర్చుండి భుజించుచున్నయెడల, ఆ పంక్తి శాశ్వతము కాదని యెరుగుడు. తలిదండ్రులారా, పిల్లలు వేరొక దారిని పోయినను, అది మీ ప్రేమకు ఓటమి కాదు. పండిన వెన్ను చేనినుండి వేరగుట ప్రకృతిధర్మము.