ముందు ఈత... తర్వాతే కడలి లోతు!

నీలం నీళ్లు, చుట్టూ రంగురంగుల చేపలు, మధ్యలో ముఖానికి మాస్కుతో చేయి ఊపుతున్న మనిషి... ఇలాంటి ఫొటో ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరి ఫోన్లో కనిపిస్తోంది. అండమాన్ వెళ్లొచ్చిన కొత్త జంటది కావచ్చు, ఇంజినీరింగ్ చదివే పక్కింటి అబ్బాయిది కావచ్చు. అది చూసి ‘నేనూ స్కూబా నేర్చుకుంటా’నని పిల్లలంటారు. ‘నీళ్లతో ఆటలేంటి?’ అని పెద్దలు కసురుకుంటారు. రెండు మాటల్లోనూ న్యాయముంది. ఎక్కడ నేర్చుకోవాలి, ఏ నెలలో వెళ్లాలి, డబ్బు కట్టేముందు ఏమేం అడగాలి... ఇవి తెలిస్తే ఆ వాదన చాలావరకు ఇంట్లోనే తీరిపోతుంది.

బెజవాడకు డైవర్లు కొత్తకాదు. 2024 సెప్టెంబరులో కృష్ణమ్మ పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి పోటెత్తినప్పుడు పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీని ఢీకొన్నాయి. గేట్ల దగ్గర ఇరుక్కున్న ఆ పడవల్ని కోయడానికి విశాఖ నుంచి వచ్చిన డైవర్లు నీటి అడుగుకు దిగారు. అది బతుకుతెరువు కోసం ప్రాణాలకు తెగించి చేసే పని. సరదాకి నేర్చుకునే స్కూబా అలాంటిది కాదు. తేటనీళ్లు, పట్టపగలు, పక్కనే శిక్షకుడు, లోతుకో హద్దు... అన్నీ చూసుకునే దిగుతారు. ఆ జాగ్రత్తలు నిజంగా తీసుకునే చోటేదో కనిపెట్టడంలోనే ఉంది కిటుకంతా!

ఫొటో వేరు... కార్డు వేరు

బీచ్‌లో బోర్డు పెట్టి ‘స్కూబా’ అని పిలిచేవాటిలో ఎక్కువ భాగం ‘ట్రయల్ డైవ్’లే. ఈత రాకపోయినా ఫర్వాలేదంటారు. కాసేపు పాఠం చెప్పి, శిక్షకుడే దగ్గరుండి నీళ్లలోకి తీసుకెళతాడు. లోతు 12 మీటర్లు దాటకూడదు. తిరిగొచ్చాక ఫొటో, వీడియో ఇస్తారు. సరదాకి ఫర్వాలేదు కానీ, దానివల్ల డైవింగ్ వచ్చినట్టు కాదు.

సర్టిఫికెట్ కోర్సు సంగతి వేరు. దాన్ని ‘ఓపెన్ వాటర్ డైవర్’ అంటారు. 1966లో మొదలైన ‘పాడీ’, 1970లో వచ్చిన ‘ఎస్ఎస్ఐ’ లాంటి అంతర్జాతీయ సంస్థల పాఠ్యప్రణాళిక ప్రకారం నేర్పుతారు. సాధారణంగా మూడు నాలుగు రోజులు పడుతుంది. అందులో మూడు మెట్లుంటాయి. మొదటిది పాఠాలు. వీడియోలు చూసి, ప్రశ్నలకు జవాబులు రాయాలి. ఇది ఇంట్లో కూర్చునే పూర్తిచేయొచ్చు. రెండోది ఈతకొలనులోగానీ, అలలు లేని లోతు తక్కువ నీళ్లలోగానీ సాధన. మాస్కులోకి నీళ్లొస్తే ఊది బయటికి పంపడం, నోట్లోంచి జారిన గొట్టాన్ని వెతికి పట్టుకోవడం, గాలి అయిపోతే తోటి డైవర్ సిలిండర్ నుంచి పీల్చుకోవడం... అన్నీ అక్కడే అలవాటవ్వాలి. మూడోది సముద్రంలో నాలుగు డైవ్‌లు. ఇవన్నీ సరిగా చేస్తే కార్డు చేతికొస్తుంది. దానితో ప్రపంచంలో ఎక్కడైనా తోడుగా మరో డైవర్‌తో కలిసి 18 మీటర్ల దాకా దిగొచ్చు. కార్డుకి గడువేమీ ఉండదు. కాకపోతే ఏళ్ల తరబడి నీళ్లలోకి దిగకపోతే మళ్లీ ఓసారి సాధన చేసి వెళ్లడం క్షేమం.

అన్నట్టు, వీపున మోసేది ఆక్సిజన్ సిలిండర్ అనుకుంటారు చాలామంది. కాదు. అందులో ఉండేది మనం రోజూ పీల్చే గాలే. దాన్నే బాగా అదిమి నింపుతారు. అవసరమైనంత గాలిని నోటికందించే పరికరాన్ని 1943లో ఫ్రాన్స్‌కు చెందిన జాక్ కూస్తో, ఎమిలీ గన్యాన్‌లు రూపొందించారు. ఈ వినోదం సామాన్యులకు అందడానికి దారితీసింది అదే.

ఊపిరి బిగబట్టొద్దు!

స్కూబాలో మొట్టమొదటి పాఠం ఇదే. సముద్రంలో పది మీటర్ల లోతుకి వెళ్లేసరికి ఒంటిమీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపవుతుంది. అక్కడ ఊదిన బుడగని పైకి తెస్తే రెండింతలు ఉబ్బుతుంది. ఊపిరితిత్తులదీ అదే లెక్క. ఊపిరి బిగబట్టి పైకొస్తే లోపలి గాలి వ్యాకోచించి వాటిని గాయపరుస్తుంది. అందుకే పీలుస్తూ, వదులుతూ, నిదానంగా పైకి రావాలి.

చెవుల సంగతీ అంతే. తిరుమల ఘాట్‌రోడ్డులో చెవులు మూసుకుపోతే గుటక మింగుతాం కదా... నీళ్లలోకి దిగేటప్పుడు ముక్కు పట్టుకుని మెల్లగా ఊదుతూ అలాగే సర్దుకోవాలి. జలుబు చేస్తే ఇది కుదరదు. కాబట్టి ఆరోజు డైవ్ మానుకోవాల్సిందే.

ఇక లోతులో ఉన్నంతసేపూ ఒంట్లో నైట్రోజన్ ఎక్కువగా కరుగుతుంది. గబుక్కున పైకొస్తే, గోలీసోడా కొట్టగానే బుడగలు ఎగజిమ్మినట్టు అది రక్తంలో బుడగలుగా మారుతుంది. డైవింగ్ తర్వాత వెంటనే విమానమెక్కినా ఈ ప్రమాదముంది. అందుకే వరుస డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలైనా ఆగి విమానమెక్కమంటారు నిపుణులు. టికెట్లు తీసుకునేటప్పుడే ఈ లెక్క చూసుకోవాలి.

తొలి మెట్టు బెజవాడలోనే

కోర్సుకి ఎక్కడికి వెళ్లాలన్నది తర్వాతి మాట. అంతకన్నా ముందు ఈత రావాలి. పాడీ నిబంధనల ప్రకారం ఆగకుండా 200 మీటర్లు ఈదాలి. సమయంతో పనిలేదు, ఏ పద్ధతిలో ఈదినా సరే. లేదంటే మాస్కు, కాళ్లకు ఫిన్స్, స్నార్కెల్ పెట్టుకుని 300 మీటర్లు ఈదొచ్చు. దాంతోపాటు పది నిమిషాలు నీళ్లమీద తేలుతూ ఉండగలగాలి. పాతికమీటర్ల కొలనులో ఎనిమిది సార్లు ఈ కొస నుంచి ఆ కొసకు వెళితే 200 మీటర్లు పూర్తవుతాయి.

ఒకప్పుడు బందరు కాలువలోనో, ఏలూరు కాలువలోనో నడుముకి ఎండిన ఆనపకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చేవారు పిల్లలు. ఇప్పుడా అవసరం లేదు. గాంధీనగర్‌లోని సర్ విజ్జీ మున్సిపల్ ఈతకొలను ఈ ఊరివాళ్లెందరికో ఈత నేర్పింది. ప్రైవేటు కొలనులూ వచ్చాయి. రెండు మూడు నెలలు క్రమం తప్పకుండా సాధన చేశాక కోర్సుకి బయల్దేరితే, అక్కడికెళ్లాక నీళ్లంటే భయం ఉండదు. డబ్బూ వృథా కాదు.

వైద్యుల సలహా కూడా ముఖ్యమే. కోర్సులో చేరేముందు ఓ ఆరోగ్య పత్రం నింపాలి. ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్... ఇలాంటివాటికి ‘అవును’ అని రాస్తే డాక్టరు సంతకం కావాలి. అక్కడికి వెళ్లాక పత్రం చూసి కంగారుపడేకన్నా, ఇక్కడే మన డాక్టరుకి చూపించడం నయం. డబ్బు పోతుందనో, నామోషీ అనో జబ్బు దాచడం మాత్రం పనికిరాదు. గర్భిణులు డైవింగ్‌కి దూరంగా ఉండాలి. పదేళ్లు నిండిన పిల్లలు జూనియర్ కోర్సు చేయొచ్చు. పది, పదకొండేళ్ల వాళ్లకి లోతు 12 మీటర్లకే పరిమితం. తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి.

మంగినపూడిలో ఎందుకు కాదు?

గంటన్నర ప్రయాణంలో బందరు ఉంది, మంగినపూడి బీచ్ ఉంది. హంసలదీవికెళితే కృష్ణమ్మ సాగరంలో కలిసే చోటే ఉంది. మరి అక్కడే నేర్చుకోవచ్చుగా? కుదరదు. డెల్టాని సారవంతం చేసిన ఒండ్రుమట్టే ఇక్కడ అడ్డం. నది తెచ్చే బురదతో తీరప్రాంతపు నీళ్లు మసకబారి ఉంటాయి. మడ అడవులకీ, రొయ్యపిల్లలకీ ఆ నీళ్లు వరమే కానీ డైవర్‌కి ఏమీ కనపడదు. పగడపు దీవులకు తేటనీళ్లు కావాలి. అందుకే అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లాంటి చోట్లే మనదేశంలో ప్రధానంగా పగడాలు పెరుగుతాయి.

నాలుగు దారులు

విశాఖపట్నం: అన్నిటికన్నా దగ్గర. రైలెక్కితే 350 కిలోమీటర్లు. రుషికొండ తీరంలో డైవింగ్ నేర్పుతున్నారు. విజయనగరం జిల్లా చింతపల్లి తీరంలో మునిగిన పాత ఓడ శిథిలాల దగ్గరికీ డైవర్లు వెళ్లొస్తుంటారు. సెలవు తక్కువగా ఉన్నవాళ్లకీ, అసలిది మనకి నచ్చుతుందో లేదో చూద్దామనుకునేవాళ్లకీ విశాఖ బాగుంటుంది. నీళ్లు ఎంత తేటగా ఉంటాయన్నది రోజుని బట్టి మారుతుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలమని మర్చిపోవద్దు.

పుదుచ్చేరి: రైల్లో చెన్నై, అక్కణ్నుంచి రోడ్డుమీద సుమారు 150 కిలోమీటర్లు. కొన్నేళ్లుగా కోర్సులకి పేరుపడింది. తీరానికి దూరంగా పడవలో తీసుకెళ్లి దించుతారు. చేపలు చేరేందుకు సముద్రం అడుగున కట్టిన కృత్రిమ ఆవాసాలూ ఉన్నాయి. విమానం ఖర్చుండదు. ఈశాన్య రుతుపవనాలు వీచే అక్టోబరు-డిసెంబరు మధ్య మాత్రం సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. పడవ ప్రయాణంలో వాంతులయ్యేవాళ్లు ముందే మందు సంగతి డాక్టరుని అడగాలి.

నేత్రాణి: కర్ణాటకలోని మురుడేశ్వర్‌కి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో అరేబియా సముద్రంలో ఉన్న చిన్నదీవి. చేపలకీ, రాతిగోడలకీ ప్రసిద్ధి. వానాకాలంలో డైవింగ్ ఆపేస్తారు. మనకి ప్రయాణం కాస్త చుట్టుతిరుగుడే. మురుడేశ్వర్ గుడి, గోకర్ణం చూసే యాత్రతో కలుపుకొంటే గిట్టుబాటవుతుంది.

అండమాన్: చెన్నై, హైదరాబాద్‌ల నుంచి విమానంలో శ్రీవిజయపురం వెళ్లాలి. పాత పేరు పోర్ట్‌బ్లెయిర్... 2024లో మార్చారు. అక్కణ్నుంచి ఓడలో స్వరాజ్ ద్వీప్‌కి చేరాలి. 2018 దాకా దాన్నే హేవ్‌లాక్ అనేవారు. తేటనీళ్లు, ఒడ్డుకి దగ్గర్లోనే పగడాలు, చాలా డైవింగ్ కేంద్రాలు... కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా అనువైన చోటు మనదేశంలో అరుదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. ఖర్చే ఎక్కువ. కోర్సు ఫీజు మనదేశంలో దాదాపు 25 వేల నుంచి 40 వేల రూపాయల దాకా ఉంటే, అండమాన్‌కి విమానం, ఓడ, బస కలిపి ఇంచుమించు మరో అంత అవుతుంది. కోర్సు పూర్తయ్యాక ఒక రోజు ఖాళీగా ఉంచుకుని విమానం టికెట్ తీసుకోవాలి. లక్షద్వీప్ కూడా అద్భుతమే కానీ వెళ్లడానికి అనుమతి పత్రం కావాలి. ముందునుంచే ఏర్పాట్లు చేసుకోవాలి.

ఇంకో ఉపాయమూ ఉంది. పాఠాలు, కొలను సాధన ఏదైనా నగరంలోని డైవింగ్ కేంద్రంలో పూర్తిచేసి, సముద్రంలోని నాలుగు డైవ్‌లు మాత్రం వేరేచోట చేయొచ్చు. దీన్ని ‘రిఫరల్’ అంటారు. పాడీ పద్ధతిలో ఆ పత్రం ఏడాదిపాటు చెల్లుతుంది. సెలవులు తక్కువ దొరికే ఉద్యోగులకి ఇది కలిసొస్తుంది.

డబ్బు కట్టేముందు అడగండి!

2017 నవంబరు 12... కార్తికమాసం ఆదివారం. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా జలసమాధి అయ్యారు. అది అనుమతిలేని పడవని తర్వాత తేలింది.  నీళ్లకన్నా నిర్లక్ష్యమే ప్రమాదకరమని ఆ ఘటన కృష్ణాతీరానికి నేర్పింది. స్కూబాకీ అదే వర్తిస్తుంది. మొహమాటపడకుండా ఇవన్నీ అడగండి.

* శిక్షకుడి పేరు, సభ్యత్వ సంఖ్య ఏమిటి? సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

* ఒక్కో శిక్షకుడికి ఎంతమంది విద్యార్థులు? సముద్రంలో ఎనిమిది మందికి మించకూడదన్నది పాడీ నిబంధన. నలుగురుంటే ఇంకా మంచిది.

* సాధన కొలనులోనా, సముద్రంలోనా? ఎన్ని గంటలు? ‘రెండ్రోజుల్లో ముగించేస్తాం’ అంటే ఆలోచించండి.

* పడవలో ఆక్సిజన్ కిట్, లైఫ్ జాకెట్లు ఉంటాయా? ప్రమాదం జరిగితే ఏ ఆసుపత్రికి తీసుకెళతారు?

* వాతావరణం బాగాలేక డైవ్ రద్దయితే డబ్బు తిరిగిస్తారా? మరో రోజు దించుతారా?

* శిక్షకుడు మాట్లాడే భాష మనకి బాగా అర్థమవుతుందా? నీటిలోకి దిగాక సైగలే తప్ప మాటలుండవు. కాబట్టి ఒడ్డున విన్న ప్రతి మాటా బుర్రకెక్కాలి.

వీటికి ఓపిగ్గా జవాబిచ్చేవాళ్లనే ఎంచుకోండి. ‘మీకెందుకండీ, మేమున్నాంగా’ అని దాటేసేవాళ్లకి దండం పెట్టి వచ్చేయడమే. నీళ్లు కాస్త మసగ్గా ఉన్నా మంచి గురువు దగ్గర నేర్చుకున్న విద్య జీవితాంతం ఉంటుంది. నీళ్లు అద్దంలా ఉన్నా హడావుడిగా నేర్పినవాళ్ల దగ్గర మిగిలేది ఫొటో ఒక్కటే. ఆరోజు మనసు ఒప్పకపోతే ‘ఇవాళ దిగను’ అని చెప్పే హక్కు ప్రతి డైవర్‌కీ ఉంది. కోర్సులో మొదటిరోజే చెప్పే మాట అది. పిల్లల్ని పంపేటప్పుడు ఇంట్లో పెద్దలూ అదే చెప్పి పంపితే చాలు!