చవక టికెట్టు ఎవరికి చవక?

మల్కాపురంలో కాపురం చేసేవాళ్లకి విమానం మోత వింతేమీ కాదు. నేవీ వాళ్ల ఐఎన్‌ఎస్ డేగా, అందులోనే ఉన్న పౌర విమానాశ్రయం గాలిదారిలో చూస్తే మాకు అయిదారు కిలోమీటర్లే. డాబా మీద వడియాలు పెట్టుకుంటూ తలెత్తితే చాలు, కనిపిస్తాయి. కానీ చూడటం వేరు, ఎక్కడం వేరు కదా! రిఫైనరీలోనో షిప్‌యార్డులోనో పాతికేళ్లు చేసి రిటైరైన వాళ్ల ఇళ్లల్లో కూడా విమానమంటే ఆఫీసు డబ్బిస్తే మగవాళ్లు ఎక్కేది. ఆడవాళ్లకి గోదావరి ఎక్స్‌ప్రెస్సే గతి. సాయంత్రం ఎక్కి, పులిహోర పొట్లం విప్పి, కాస్త నడుం వాలిస్తే తెల్లారేసరికి హైదరాబాదు.

మరి ఇప్పుడో? మా వీధిలో ఇంటికొకరైనా విమానం ఎక్కిన ఆడమనిషి ఉన్నారు. వాళ్లలో చాలామంది తోడు లేకుండా ఒక్కరే వెళ్లొచ్చినవాళ్లు. ఈ మార్పు చవక విమానాల పుణ్యమే, కాదనలేం. అయితే ఆ చవక ఎప్పుడూ చవకేనా? అందరికీ చవకేనా? ఆరేడేళ్లుగా కూతురి కోసం హైదరాబాదుకీ, కొడుకు కోసం బెంగుళూరుకీ తిరుగుతున్న మనిషిగా నాకు తెలిసింది చెబుతాను.

ఒక్క రూపాయి రోజులు

మన దేశంలో ఈ కథ 2003లో ఎయిర్ డెక్కన్‌తో మొదలైంది. సైన్యంలో పనిచేసి వచ్చిన కెప్టెన్ గోపీనాథ్ పెట్టిన కంపెనీ అది. సూర్య నటించిన ‘ఆకాశం నీ హద్దురా’ చూసినవాళ్లకి ఆయన సంగతి కొంత తెలిసే ఉంటుంది. సినిమా కోసం మార్చినవి చాలా ఉన్నాయనుకోండి! ఒక్క రూపాయికే టికెట్టని ఆ కంపెనీ ప్రకటిస్తే జనం నోళ్లు వెళ్లబెట్టారు. తర్వాత 2005లో స్పైస్‌జెట్, గోఎయిర్, 2006లో ఇండిగో వచ్చాయి.

వచ్చినవన్నీ నిలబడ్డాయా అంటే, లేదు. డెక్కన్ 2008లో కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది. ఆ కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. గోఎయిర్ పేరు గో ఫస్ట్‌గా మారి 2023 మే నెలలో విమానాలు నిలిపేసింది. ముందే డబ్బు కట్టినవాళ్లు ఆ డబ్బు కోసం ఎదురుచూస్తూ కూర్చోవలసి వచ్చింది. హైదరాబాదు నుంచి 2015లో మొదలైన ట్రూజెట్, ‘ఉడాన్’ పథకం కింద కడప, నాందేడు లాంటి ఊళ్లకి కూడా విమానాలు నడిపి, 2022లో ఆగిపోయింది. అందుకే ఆర్నెల్ల తర్వాతి టికెట్టు ఎంత చవకగా వస్తోందన్నా, ఇంటిల్లిపాదికీ ఒకేసారి కొనేముందు నేను కాస్త ఆలోచిస్తాను.

ఇంతకీ వాళ్లకెలా గిట్టుబాటు అవుతుందంటారా? ఎక్కువగా ఒకే రకం విమానాలు కొంటారు. దాంతో పైలట్ల శిక్షణకీ, రిపేర్లకీ, స్పేరు పార్టులకీ ఖర్చు తగ్గుతుంది. దిగిన విమానం కాస్సేపట్లోనే మళ్లీ ఎగరాలి. భోజనం ఉచితం కాదు. సీట్లు ఇరుకు. ఇంధనం ఖర్చొక్కటే వాళ్ల చేతిలో లేనిది. మా రిఫైనరీలో తయారయ్యే సరుకుల్లో విమానం ఇంధనం కూడా ఉంది. అలాగని మల్కాపురం వాళ్లకి టికెట్టు తగ్గిస్తారా ఏమన్నానా!

రైతుబజారుకి తలకిందులు

రైతుబజారులో పొద్దున్న వంకాయలు ప్రియంగా ఉంటాయి. మధ్యాహ్నానికి మిగిలినవి ఎంతకిస్తే అంతకి అమ్మేస్తారు. విమానంలో సీటు దీనికి తలకిందులు. ముందు వచ్చినవాళ్లకి చవక, ఆఖర్న పరుగెత్తుకొచ్చినవాళ్లకి ఖరీదు. ఆఖర్న వచ్చేవాడు అవసరంలో ఉన్నవాడని వాళ్లకి తెలుసు. పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరిలో ఒకరు మూడువేలు కట్టి ఉంటారు, రెండోవారు తొమ్మిదివేలు కట్టి ఉంటారు. ఇద్దరికీ అవే మంచినీళ్లు.

ఇక్కడే ఉంది మన ఆడవాళ్ల చిక్కు. పెళ్లి, గృహప్రవేశం, సంక్రాంతి... వీటికి తేదీ ముందే తెలుస్తుంది. రెండు నెలల ముందు కొనుక్కుంటే నిజంగానే చవక. కానీ ఇంట్లో ఆడమనిషికి పిలుపు వచ్చేది ఎక్కువగా దేనికి? కూతురి పురిటికి, తల్లికి ఒంట్లో బాగోలేనందుకు, కోడలికి సాయానికి. వీటికి తేదీ ఎవరు చెప్తారు? పురిటి తేదీ డాక్టరమ్మ చెబుతుంది సరే, కడుపులో బిడ్డ వింటుందా? చవక టికెట్టు తేదీ తెలిసినవాళ్లకే చవక. తేదీ ఇంకొకరి చేతిలో ఉన్నవాళ్లకి కాదు.

మా ఎదురింటి వదినగారి సంగతే చూడండి. చెన్నైలో ఉన్న వాళ్లమ్మకి గుండెపోటు వచ్చిందని తెల్లవారుజామున ఫోను. ఆ రోజు టికెట్టు తొమ్మిదివేల ఎనిమిది వందలు! చీటీ పాడిన డబ్బులోంచి తీసి కొన్నారు. మధ్యాహ్నానికల్లా ఆసుపత్రిలో ఉన్నారు. ఆవిడ వెళ్లాక రెండు రోజులు తల్లి మాట్లాడింది. ‘ఆ రెండు రోజుల ముందు తొమ్మిదివేలు ఓ లెక్కా?’ అంటారావిడ. నిజమే. నా పెళ్లయిన కొత్తల్లో అయితే టెలిగ్రాం అందుకుని, సెలవు దొరికి, రైలెక్కి వెళ్లేసరికి అన్నీ అయిపోయేవి. కానీ అదే రోజు అంత డబ్బు చేతిలో లేని ఇల్లాలి మాటేమిటి? అందుకని మా ఇంట్లో నేను పట్టుబట్టి నా పేరు మీద పన్నెండువేలు విడిగా బ్యాంకులో ఉంచుకున్నాను. దానికి ‘విమానం డబ్బు’ అని పేరు పెట్టి మావారు నవ్వుతుంటారు. నవ్వుకోనివ్వండి!

పురిటికి మాత్రం నా పద్ధతి వేరు. వెళ్లేటప్పుడు తొందర, ఎంతైనా పెట్టి విమానం ఎక్కుతాను. వచ్చేటప్పుడు తొందరేముంది? ఇరవై ఒకటో రోజుకి వస్తామో, మూడో నెలకి వస్తామో మనకే తెలియదు. తిరుగు టికెట్టు ముందే కొనేసి, తేదీ మార్చుకున్న ప్రతిసారీ డబ్బు కట్టడం కంటే తీరిగ్గా రైల్లో రావడం నయం. సామాను కూడా వస్తుంది.

గంటంపావు ఎంతసేపు?

విశాఖ నుంచి హైదరాబాదుకి గంటంపావే అంటారు. గడియారం పెట్టి చూశాను నేను. ఇంట్లోంచి బయల్దేరి గాజువాక ట్రాఫిక్కు దాటుకుని, రెండు గంటల ముందు చేరుకుని, ఎక్కి, దిగి, పెట్టె కోసం నిలబడి, శంషాబాదు నుంచి కూకట్‌పల్లిలో మా అమ్మాయి గుమ్మం తొక్కేసరికి ఆరు గంటలు. 2023 జనవరిలో మొదలైన వందేభారత్ సికింద్రాబాదుకి సుమారు ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది. అంటే నిజంగా మిగిలేది రెండు మూడు గంటలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఆ రెండు గంటలే పదివేలనుకోండి. బెంగుళూరుకైతే ఈ లెక్కే అక్కర్లేదు, విమానమే మేలు.

ఇక సామాను! సాధారణంగా పెట్టెకి 15 కిలోలు, చేతిసంచికి 7 కిలోలు. పుట్టింటి నుంచి వెళ్లే సామాను ఎప్పుడైనా ఇరవై రెండు కిలోల్లో ఆగిందా? బియ్యప్పిండి, కందిపొడి, ఆవకాయ జాడీ, బాలింతకి కాయం... కౌంటరు దగ్గర కిలోకి అయిదారు వందలు అడిగితే పచ్చడి ఖరీదు బంగారంతో పోటీ పడుతుంది. ముందు రోజే కంప్యూటర్లో కట్టేస్తే కొంత తగ్గుతుంది. కారప్పొడి చేతిసంచిలో పెట్టకండి, తీయించేస్తారు. ఎండు కొబ్బరికి నూనె ఎక్కువ, తొందరగా అంటుకుంటుందని పెట్టెలో ఒప్పుకోరు. సెల్‌ఫోను ఛార్జింగుకి వాడే పవర్‌బ్యాంకు సంగతి వేరే, అది చేతిసంచిలోనే ఉండాలి.

టికెట్టు కొనేటప్పుడు సీటుకి వేరే, భోజనానికి వేరే, ఇన్సూరెన్సుకి వేరే అంటూ ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోతారు. అక్కర్లేనిచోట టిక్కు తీసేయాలి. చంటిపిల్లలతో వెళ్లేవాళ్లు కంగారుపడి సీటు కొననక్కర్లేదు. పన్నెండేళ్ల లోపు పిల్లల్ని అదే టికెట్టు మీదున్న తల్లి పక్కనో తండ్రి పక్కనో కూర్చోబెట్టాలని 2024 ఏప్రిల్లో పౌర విమానయాన డైరెక్టరేటు, అదే డీజీసీఏ, కంపెనీలను ఆదేశించింది. కౌంటరు దగ్గర బోర్డింగ్ పాసు ఇచ్చినందుకు డబ్బు తీసుకోకూడదని 2022 జూలైలోనే కేంద్రం చెప్పింది. గర్భిణులు మాత్రం ముందే కనుక్కోవాలి. నెలలు నిండేకొద్దీ డాక్టరు సర్టిఫికెట్టు అడుగుతారు. ఎన్నో వారం నుంచి అన్నది కంపెనీని బట్టి మారుతుంది.

ఫోను నంబరు ఎవరిది?

ఇది ఎవరూ చెప్పరు గానీ చాలా ముఖ్యం. మన టికెట్లు అల్లుడో కొడుకో కొంటారు, వాళ్ల నంబరే ఇస్తారు. ఒకసారి నేను ఎక్కాల్సిన మధ్యాహ్నం విమానాన్ని ఓ కంపెనీ (పేరెందుకు లెండి) రాత్రి పదింటికి మార్చింది. కబురంతా మీటింగులో కూర్చున్న మా అల్లుడి ఫోనుకి వెళ్లింది. నేను పెట్టెతో సహా కౌంటరు ముందు! మార్చినందుకు కాదు నా కోపం, ఎక్కే మనిషికి చెప్పనందుకు. అప్పటినుంచీ టికెట్టు ఎవరు కొన్నా నంబరు నాదే.

ఆలస్యమైతే బిక్కమొహం వేసుకుని కూర్చోనక్కర్లేదు. డీజీసీఏ నిబంధనల ప్రకారం, హైదరాబాదు లాంటి దగ్గరి ప్రయాణమైతే రెండు గంటలు దాటిన ఆలస్యానికి తినడానికీ తాగడానికీ ఇవ్వాలి. ఆరు గంటలు దాటితే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో, మన ఇష్టం. సరిగ్గా ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే పరిహారం కూడా ఉంది. తుఫానూ గట్రా అయితే అది వర్తించదు. మనమే మానుకున్నా సరే, టికెట్టులో కలిసిన విమానాశ్రయ రుసుములు వెనక్కివ్వాలి. అడిగినవాళ్లకే ఇస్తారు సుమా! కంపెనీ పలకకపోతే కేంద్రం వారి ‘ఎయిర్‌సేవా’లో ఫిర్యాదు పెట్టొచ్చు.

అయితే 2025 డిసెంబరు మొదటి వారంలో ఇవేవీ జనాన్ని పూర్తిగా ఆదుకోలేకపోయాయి. పైలట్ల విశ్రాంతి గంటలు పెంచుతూ కొత్త నిబంధనలు వచ్చాయి. దానికి తగ్గ ఏర్పాటు చేసుకోని ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. దేశంలో సగానికి పైగా ప్రయాణికుల్ని మోసే కంపెనీ కాబట్టి మిగతావాటిలో టికెట్లు ఆకాశాన్నంటాయి. చివరికి డిసెంబరు 6న కేంద్రం తాత్కాలికంగా హద్దు పెట్టింది: 500 కిలోమీటర్ల వరకూ 7,500 రూపాయలు, వెయ్యి వరకూ 12,000, పదిహేను వందల వరకూ 15,000, ఆపైన 18,000. నలుగురైదుగురు పోటీదార్లుంటే కదా చవక! ఒక్కరి మీదే ఆధారపడితే వాళ్లు ఆగిన రోజున అందరం ఆగిపోతాం. ముఖ్యమైన ప్రయాణమైతే రైల్లో కూడా ఒక టికెట్టు ఉంచుకోవడం మా ఇంట్లో అప్పటినుంచీ అలవాటైంది.

భోగాపురం దగ్గర అల్లూరి సీతారామరాజు పేరుతో తలపెట్టిన కొత్త విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ప్రయాణికుల విమానాలు అక్కణ్ణుంచే ఎగరాలన్నది ఏర్పాటు. మల్కాపురం వాళ్లకి అది యాభై కిలోమీటర్ల పైమాటే. ఆరింటి విమానానికి రెండున్నరకే కారెక్కాలి, టికెట్టు మీద మిగిలింది కాస్తా కిరాయికి సరి. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి మాత్రం దగ్గర. ఇన్నాళ్లూ అర్ధరాత్రి లేచి మన ఊరు వచ్చింది వాళ్లే కదా పాపం! మా విజయనగరం ఆడపడుచు అప్పుడే అంటోంది: ‘వదినా, ఇకనుంచి విమానం ముందురోజు మా ఇంటికొచ్చి పడుకో. వచ్చేటప్పుడు ఆవకాయ తేవడం మర్చిపోకు!’